పెద్దనేలలో పగిలిన కుండ

నేను చనిపోలేదు. ఈ మాట ముందుగా రాసి పెడుతున్నాను. ఉప్పాడ దగ్గరి మా పల్లెలో ఇప్పటికీ నన్ను "చచ్చి తిరిగొచ్చినాయన" అంటారు. ఎదురుగా ఎవరూ అనరు, నేను నాలుగడుగులు దాటాక అంటారు. నాకు ముసలితనం వచ్చింది గాని చెవుడు రాలేదు.

మాది చేపల వేట మీద బతికే ఇల్లు. నాన్న పోయాక పడవ నా చేతికి వచ్చింది. తమ్ముడు నాతో వేటకు వచ్చేవాడు. ఒక కార్తీకంలో గాలివాన వచ్చి, ఒడ్డున కట్టి ఉన్న పడవను ఎత్తి మొగలి పొదల్లో పడేసింది. ముక్కలు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికి రాలేదు. పడవ లేని ఇంటికి మా పల్లెలో మర్యాద తక్కువ. ఆ ఏడు గంగమ్మకు పళ్ళేలు ఎత్తుకుపోయేటప్పుడు మా పళ్ళేన్ని అందరి వెనక్కీ నెట్టారు. మా ముందు ఎవరెవరు నడిచారో ఇప్పుడు అడిగినా వరసగా చెప్పగలను.

అప్పట్లో యానాం నుంచి ఫ్రెంచి దొరల ఓడలు మనుషుల్ని ఎక్కించుకుని పోయేవి. వాటికి జనాన్ని పోగుచేసే మేస్త్రీ ఒకడు మా పల్లెకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మోరీసు తెలుసు గదా? దానికి కాస్త అవతలండి, అంతే. చెరకు నరకడం పని. అయిదేళ్ళు కళ్ళు మూసుకున్నావంటే తిరిగొచ్చి కొత్త పడవ కట్టించుకుంటావు" అన్నాడు.

కాస్త అవతల అన్నవాడు ఆ తరవాత మళ్ళీ మా వైపు రాలేదు. నేను మాత్రం వాడి ముఖం మరిచిపోలేదు. ఎడమ చెవి పోగు లేదు వాడికి.

మా పక్క పల్లెలో నాకు వరసకు బావ అయ్యేవాడు కూడా నాతో బయలుదేరాడు. అమ్మ ఒక నల్లకుండ నిండా చింతపండు, ఎండుచేప పెట్టి వాసెన కట్టి ఇచ్చింది. అమ్మ, నా భార్య యానాం రేవు దాకా నడిచి వచ్చారు. తమ్ముడు రాలేదు. ఎందుకు రాలేదో వాడు చెప్పలేదు. నేను అడగలేదు. చెప్పవలసినవాడు వాడు.

ఓడలో మమ్మల్ని కింది అరలో పెట్టారు. సముద్రం మీద పుట్టి పెరిగినవాణ్ణి, నెలల తరబడి సముద్రం కనపడని చోట కుక్కారు. పైకి రానిచ్చినప్పుడు నేను గాలి చూసి మబ్బు పడుతుందని చెబితే ఓడవాళ్ళు నవ్వారు. మబ్బు పట్టింది. అప్పుడు నవ్వలేదు గాని, నన్ను మెచ్చుకున్నదీ లేదు. దారిలో పోయినవాళ్ళను గోనెల్లో కుట్టి నీళ్ళలోకి వదిలేవారు. ఆ చప్పుడు కింది అరలోకి బాగా వినబడేది. ఇవన్నీ దాటి అమ్మ ఇచ్చిన కుండ పగలకుండా అవతలి ఒడ్డు చేరింది. రాత్రి పడుకునేటప్పుడు దాన్ని కడుపు దగ్గర పెట్టుకునేవాణ్ణి.

ఆ ద్వీపాన్ని గ్వాడలూపు అంటారు. అది ఒకటి కాదు, రెండు నేలలు. మధ్యలో సన్నని ఉప్పుటేరు ఉంది, అచ్చం మన కోరంగి దగ్గరి పాయల్లాగే, ఒడ్డున మడచెట్లతో సహా. ఒక్కొక్క నేలా ఒక్కొక్క జిల్లా. అరొందిస్మాన్ అనేవారు దొరలు. దానికొక కచేరీ, కచేరీలో ఒక అధికారి, కూలీల ఫిర్యాదులు వినడానికని చెప్పి ఇంకొక అధికారి ఉండేవారు. మమ్మల్ని దింపిన జిల్లా పేరు గ్రాండ్ తేర్. అంటే పెద్దనేల. నిజానికి రెండింటిలోనూ అదే చిన్నది. రెండోదాని పేరుకు అర్థం పల్లపు నేల అట. దాని నిండా కొండలు, ఒక కొండ నెత్తిన ఎప్పుడూ పొగ. నేలకు పేరు పెట్టడం కూడా రానివాళ్ళ చేతిలో పడ్డామని ఆ రోజే అనుకున్నాను.

పెద్దనేలలో ఒక్క ఏరు లేదు. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం వాననీటి గుంటల్లో పశువుల పక్కన ముంచుకుని తాగాం. కనుచూపు మేర చెరకు, మధ్య మధ్య రెక్కలు తిరిగే గాలి గానుగలు. తెల్లారకముందే గంట కొట్టేవారు. చెరకు ఆకు చేతుల్ని కోస్తే దాని మీద చెమట ఉప్పు పడేది. వలతాడు పట్టిన చేతులు కాబట్టి నావి కొంత ఓర్చుకున్నాయి. కడియం వైపు నుంచి వచ్చిన ఇద్దరు పొలం కూలీలు మా పాకలోనే ఉండేవారు. వాళ్ళ చేతులు మొదటి ఏడు మానలేదు.

కూలీలకు బియ్యం ఇస్తామని ఒప్పందం. కొన్ని నెలలు ఇచ్చారు. తరవాత బియ్యం బదులు ఏదో దుంపను ఆరబెట్టి దంచిన పిండి కొలవసాగారు. కమాందోరును, అంటే కూలీల మీద అజమాయిషీ చేసేవాణ్ణి అడిగితే కర్రతో జవాబు చెప్పాడు. జిల్లా కచేరీకి పోయి చెబుదాం రమ్మని మా పాకవాళ్ళను పిలిచాను.

"నువ్వెళ్ళి చెప్పు. మాకు పిండి అరుగుతోంది" అన్నాడు కడియం వాళ్ళలో పెద్దవాడు.

"నీకు అరుగుతోందిరా. నిన్న రాత్రంతా అరుగుతూనే ఉంది, మేం నిద్రపోతేగా" అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఆ పాకలో నవ్వు విన్నది అదే ఆఖరు.

"నీ నోటితో మా వీపులు పగులుతాయి. అన్నం లేకపోతే చస్తావా?" అని పెద్దవాడు మళ్ళీ అన్నాడు.

అన్నం లేకపోతే చస్తావా అని గోదావరి మనిషి గోదావరి మనిషిని అడిగాడు. అది నేను మరచిపోదామన్నా మరపు రాలేదు.

ఒక్కణ్ణే వెళ్ళాను. కచేరీ అరుగు మీద పొద్దు వాలేదాకా కూర్చోబెట్టారు. లోపలికి పిలిచి నేను చెప్పిందంతా విన్నారు. విన్నాక, తోట యజమాని చీటీ లేకుండా తోట దాటి వచ్చావు కాబట్టి నువ్వు దేశదిమ్మరివి అని జైల్లో వేశారు. ఫిర్యాదు చెయ్యడానికి పోవాలంటే చీటీ కావాలి. చీటీ ఇచ్చేది ఎవరి మీద ఫిర్యాదో వాడే. ఈ ఏర్పాటు చేసినవాడు తెలివైనవాడని ఒప్పుకుంటాను. జైల్లో రోడ్డు రాళ్ళు కొట్టించారు. ఆ రోజులన్నీ ఒప్పందం గడువుకు కలిపారు. తరవాత నన్ను పెద్దనేలలో ఉంచకూడదని, ఉప్పుటేరు దాటించి అవతలి జిల్లాలో ఒక తోటకు పంపమని ఉత్తరువు చేశారు.

సామాను తెచ్చుకోవడానికి జవానును తోడిచ్చి పాకకు పంపారు. బావ అప్పుడు అక్కడ లేడు. జ్వరంతో రోగుల కొట్టంలో ఉన్నాడు. నా చోట ఎవడో కొత్తవాడు కూర్చుని ఉన్నాడు. వాడి ముందు పొయ్యి మీద అమ్మ ఇచ్చిన కుండ ఉంది. అందులో ఆ పిండి ఉడుకుతోంది.

"నువ్వు తిరిగొస్తావనుకోలేదు. వీడికి వండుకోడానికి ఏమీ లేకపోతే ఇచ్చాం. కుండే గదా" అన్నాడు కడియం పెద్దవాడు.

ఆ కుండను దించి, పిండి పారబోసి, గుమ్మానికేసి కొట్టాను. నా చాప లాగి బయట పడేశాను. నా కుండ నేను పగలగొట్టుకున్నాను. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు. జవాను వెంట నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా ఆగమంటారేమోనని. ఎవరూ అనలేదు.

తరవాత జరిగింది నేను తిరిగి వచ్చాక బావ నోటినుంచే విన్నాను. అయినా ఇక్కడే చెప్పాలి.

మా వైపు చావు జరిగిన ఇంట్లో కుండ పగలగొడతారు, పోయినవాడి చాప బయట పారేస్తారు. ఆ రెండూ ఒక గుమ్మంలో కనిపిస్తే దారిన పోయేవాడు ఎవరు పోయారని అడగడు. అడిగితే ఆ చావు అడిగినవాడి ఇంటికి దారి పడుతుందని నమ్మకం. తల వంచుకుని పోయి కాళ్ళు కడుక్కుంటాడు. బావ జ్వరం తగ్గి పాకకు వచ్చేసరికి గుమ్మంలో నల్లకుండ పెంకులు, బయట నా చాప, లోపల నేను లేను. పాకవాళ్ళు నా ఊసెత్తలేదు. నా కుండ ఇచ్చేసిన సంగతి చెప్పడానికి వాళ్ళకు ముఖం చెల్లలేదు. ఆ మౌనాన్ని బావ మైల అనుకున్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. వాడి ఒప్పందం ముందే తీరిపోతే ఓడెక్కి వచ్చేశాడు. వచ్చి మా అమ్మతో, నీ కొడుకు పెద్దనేలలో పోయాడని చెప్పాడు.

ఉప్పుటేటికి అవతలి జిల్లాలో నా బతుకు గురించి ఎక్కువ రాయను. కొండ వాలులో చెరకు, ఎడతెగని వాన, జ్వరం. అక్కడ తెలుగు మనిషి లేడు. నాతో నేనే మాట్లాడుకునేవాణ్ణి, ఎక్కువగా తగాదాలే. ఎవరితో ఏం అనవలసిందో, ఎప్పుడు అనలేకపోయానో, అవన్నీ చెరకు వరసల మధ్య అనుకుంటూ నరికాను. జైలు రోజులకు జబ్బు రోజులు, జబ్బు రోజులకు ఇంకేవో రోజులు కలుపుతూ పోయారు. అయిదేళ్ళు ఎప్పుడో దాటాయి. చివరికి నా పళ్ళు కదిలి, గెడ్డం నెరిసి, పనికి పూర్తిగా చాలనని తేలాక ఓడ ఎక్కించారు.

పుదుచ్చేరిలో దిగి, కాకినాడకు దోనె మీద వచ్చి, అక్కడినుంచి ఒడ్డు వెంబడి నడిచాను. మా ఇల్లు ఉండవలసిన చోట అలలు ఉన్నాయి. మా వీధి అంతా సముద్రంలోకి పోయింది. పల్లె లోపలికి జరిగి మళ్ళీ కట్టుకుంది. తట్టతో ఎదురొచ్చిన ఒక ఆవిడ నన్ను చూసి, తట్ట కింద పడేసి, పరుగెత్తింది. చేపలు ఇసకలో పడ్డాయి. పిల్లలు దూరంగా నిలబడి చూశారు. అంత దూరం నుంచి వచ్చినవాడికి ఎవరైనా నీళ్ళిస్తారు. కులపెద్ద వచ్చేదాకా నాకు నీళ్ళు ఇవ్వలేదు.

కులపెద్ద వచ్చి నన్ను పరకాయించి చూశాడు. నా నీడ పడుతోందా అని నేల కూడా చూశాడు.

"మనిషివేనా?" అన్నాడు.

"ఆకలి వేస్తోంది పెద్దయ్యా. దెయ్యాలకు వేస్తుందేమో నాకు తెలీదు."

"మీ అమ్మ పోయిందిరా. నీ కబురు విన్న ఏడే."

అలా తెలిసింది అమ్మ సంగతి. గడ్డితో నా బొమ్మ చేసి, నా పంచె చుట్టి, ఒడ్డున కాల్చి, కర్మ చేశారట. తమ్ముడే నిప్పు పెట్టాడట. కాల్చిన ఆ చోటు కూడా ఇప్పుడు నీళ్ళలో ఉంది. నా భార్య గాజులు పగలగొట్టారు. మా వాళ్ళలో మారుమనువు ఉంది. అడిగినవాళ్ళూ ఉన్నారట. ఆమె చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ఒక మూల వండుకుంటూ, పిఠాపురానికి చేపల తట్ట మోసుకుంటూ బతికింది. ఆమె ఎదురుగా తమ్ముడి ఇంటి తలుపు వెనక నుంచి చూస్తోంది. బోసి చేయి ఒకటి తలుపు మీద కనిపించింది. అంతకంటే ముందుకు రాలేదు, రాకూడదు.

కులపెద్ద పద్ధతి చెప్పాడు. వేటకు పోయి కొట్టుకుపోయి, కర్మలు అయిపోయాక తిరిగొచ్చినవాళ్ళ కోసం పాతకాలం నుంచి మా ఒడ్డు మీద ఉన్న పద్ధతి అది. పోయినవాడు మళ్ళీ పుట్టాలి. చేటలో కూర్చోబెట్టి, తల మీద నీళ్ళు పోసి, నాలిక మీద తేనె రాస్తారు. వాడు పసిబిడ్డలా ఏడవాలి. ఏడుపు వినబడితే పుట్టినట్టు. అప్పుడు పేరు పెడతారు. ఆ తరవాత పెళ్ళానికి మళ్ళీ తాళి కట్టాలి.

"మీ నాన్న లేడు గనక నీ తమ్ముడి ఒళ్ళో కూర్చోవాలి. వాడు నీకు పెద్ద అవుతాడు" అన్నాడు.

"చచ్చినోడికి గదా ఇదంతా. నేను చావలేదు. ఇక పుట్టడమేంటి?"

"కర్మ చేశాం గదరా."

"ఎవరు చెయ్యమన్నారు?"

బావను పిలిపించారు. వాడు నన్ను చూసి ఏడ్చాడు. నేను ఏడవలేదు.

"నన్ను చచ్చి ఉండగా చూశావా?" అని అడిగాను.

"కుండ చూశాను బావా."

"కుండను చూస్తే మనిషిని చూసినట్టేనా? ఒక్క మాట అడిగితే నోరు పడిపోయేదా?"

"అడక్కూడదు గదా. నువ్వయితే అడుగుతావా?"

ఆ ప్రశ్న నన్ను అడగవలసింది కాదు. తమ్ముడు అంతసేపూ దూరంగా వలల పక్కన నిలబడి ఉన్నాడు. నా వలలు. నేను అల్లినవి. నేను వాడి ఒళ్ళో కూర్చోనని కులపెద్దతో చెప్పి, పిఠాపురం వైపు నడిచాను.

పిఠాపురంలో ఒక పాదిరి దొరగారి బంగళాలో తోటపనికి కుదిరాను. చదవడం రాయడం అక్కడే నేర్చుకున్నాను. దొరగారు మంచివారు. ఒకనాడు పూలకుండీల దగ్గర నిలబడి, మనిషి మళ్ళీ పుట్టకపోతే లాభం లేదని నాకు బోధించారు.

"మా పల్లెలోనూ అదే అన్నారండి. ఒకసారి పుట్టడమే చాలా కష్టమైపోయిందండి" అన్నాను.

దొరసానిగారు లోపల నవ్వడం వినబడింది. దొరగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా భార్య చేపలు అమ్ముకుంటూ ఆ బంగళా పెరటి గేటుకు వచ్చేది. మొదటి రోజు నన్ను చూసి తెలియనట్టే తట్ట దించింది. నేను తెలియనట్టే చేపలు ఏరాను. ఏరుతుంటే మెల్లగా, "ఏంటి మావా, ఇంకా పుట్టలేదా?" అంది.

ఆ తరవాత ప్రతిసారీ అదే మాట. ఎండలోనూ, వానలోనూ, తట్ట దించగానే అదే. మొగుడూ పెళ్ళాలం గేటుకు ఇటొకరు అటొకరు నిలబడి, చేపలు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మాట్లాడుకున్నట్టే ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం. అంతకంటే ఎక్కువ ఉంటే ఆమెకు పల్లెలో తప్పు వేస్తారు. వితంతువు పరాయి మగవాడితో నిలబడిందని. ఆ పరాయి మగవాణ్ణి నేను. వెళ్ళేటప్పుడు తట్ట అడుగునుంచి ఆకులో చుట్టిన అన్నం తీసి గేటు దిమ్మె మీద పెట్టి, నావైపు చూడకుండా పోయేది. మా వైపు పోయినవాళ్ళకు అన్నం అలాగే పెడతారు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని మొదట్లో తినకూడదనుకున్నాను. ఆకలి ఒప్పుకోలేదు.

ఒకసారి అడిగాను: "నీకు మాత్రం నేను చచ్చినట్టా, బతికినట్టా?"

"చచ్చినోడు చేప బాగోలేదని వంకలు పెట్టడు మావా. నువ్వు బతికే ఉన్నావు."

"మరి వచ్చి నాతో ఉండు."

తట్ట నెత్తికెత్తుకుంటూ అంది: "వస్తే నీతో పాటు నేనూ చచ్చినట్టే గదా. అక్కడ నలుగురున్నారు నాకు. నువ్వే రా. చేటలో ఒక్క పూట కూర్చుంటే అరిగిపోతావా?"

"వాడి ఒళ్ళో కూర్చోను."

"తమ్ముడి ఒడి బరువేంటి, నువ్వే బరువు" అని వెళ్ళిపోయింది.

నేను కూర్చోలేదు. నాది తప్పని ఈనాటికీ అనుకోను. చావని చావును ఒప్పుకోవడం అంటే, కచేరీలో చెయ్యని నేరం ఒప్పుకోవడం వంటిదే. అక్కడా ఒప్పుకోలేదు.

తరవాత ఆమె రావడం తగ్గింది. వచ్చినప్పుడు గేటు పట్టుకుని రొప్పేది. పాదాలు వాచి, నొక్కితే సొట్ట పడి ఉండేవి. ఒక వానాకాలంలో పూర్తిగా మానేసింది. చేపలు వేరే ఆవిడ తెచ్చింది. ఆవిడను నేనేమీ అడగలేదు.

ఒక ఉదయం గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది వాడికి. తిరిగొచ్చాక అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"వదినకి బాగోలేదు" అన్నాడు.

"చచ్చినోడికి కబురెందుకు?"

వాడు తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కువ రోజులు ఉండదంటున్నాడు వైద్యుడు. పసుపు కుంకాలతో పోవాలని ఉందంట. నిన్ను అడగమనలేదన్నా. నేనే వచ్చాను."

ఆమె అడగలేదంటే నేను నమ్మాను. వచ్చినప్పుడల్లా అడిగిన మనిషి అప్పుడు మాత్రం అడగదు. దొరసానిగారితో చెప్పి, వాడి వెనక నడిచాను. దారిలో కాలవ దగ్గర వాడు చెయ్యి అందించాడు. నేను పట్టుకోకుండానే దాటాను.

తమ్ముడి ఇంటి ముందు నులకమంచం మీద ఆమెను పడుకోబెట్టారు. ఎముకల మీద చర్మం మిగిలింది. నన్ను చూసి నోరు తెరవబోయి దగ్గింది. ఏమనబోయిందో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే పల్లె అంతా చేరింది. వాకిట్లో పెద్ద చేట వేశారు, అయినా నాకు అది చాలలేదు. తమ్ముడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను కూర్చున్నాను. వాడి మోకాలి ఎముక నా నడుముకు గుచ్చుకుంది. పిల్లలు కిసుక్కున నవ్వితే ఎవరో అదిలించారు. తల మీద నీళ్ళు పోశారు. నాలిక మీద తేనె రాశారు.

"ఇక ఏడువు" అన్నాడు కులపెద్ద.

నాకు ఏడుపు రాలేదు. ఓడలో రాలేదు, జైల్లో రాలేదు, అమ్మ పోయిందన్న రోజున రాలేదు. ఇంతమంది చూస్తుండగా రమ్మంటే ఎలా వస్తుంది? ఊరికే నోటితో చప్పుడు చెయ్యొచ్చు. చెయ్యలేకపోయాను. నీళ్ళు కారుతున్నాయి గాని అవి తల మీద పోసినవి.

"ఏడవ్వయ్యా. ఏడవకపోతే పుట్టనట్టే. తంతు చెల్లదు" అన్నాడు కులపెద్ద మళ్ళీ.

అందరూ ఎదురు చూస్తున్నారు. మంచం మీదనుంచి ఆమె గొంతు వచ్చింది, చాలా సన్నగా: "పుట్టడంలోనే మొండితనం చూడండి." ఒకరిద్దరు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, ఆ నవ్వు ఎక్కడో తప్పిపోయి, ఏడుపులోకి దిగింది. పెద్ద ఏడుపు కాదు. ఊపిరి చాలని మనిషి ఏడుపు, పసిపిల్ల ఏడుపంత.

కులపెద్ద ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ ఏడుపు ఎవరిదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆయన నోరు తెరవబోతుంటే తమ్ముడు నా తల మీదుగా అన్నాడు:

"మా వోడు ఏడ్చాడు. నేను విన్నాను."

"ఏడ్చింది..."

"నా ఒళ్ళో ఉన్నాడు పెద్దయ్యా. నాకు తెలీదా? ఏడ్చాడు."

కులపెద్ద తేనె గిన్నె కింద పెట్టి, "సరే, పేరు పెట్టు" అన్నాడు. కొత్త పేరు పెట్టడం ఆచారం. తమ్ముడు నా చెవి దగ్గర వంగి, మా నాన్న నాకు పెట్టిన పేరే చెప్పాడు. "ఆ పేరు కూడదు గదా" అని ఎవరో అంటే, "నా ఒళ్ళో బిడ్డ, నా ఇష్టం" అన్నాడు.

వాడి మీద నాకున్న ఫిర్యాదులు ఎన్నో. యానాం రేవుకు రాలేదు. నా బొమ్మకు నిప్పు పెట్టాడు. నా వలలు వాడుకున్నాడు. వీటిలో ఒక్కటీ నేను కొట్టెయ్యలేదు. ఆ పూట వాడు నా తరఫున నలుగురిలో చెప్పిన ఆ మాటను వాటి పక్కన ఎక్కడ పెట్టాలో మాత్రం నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం తాళి కట్టాను. ఆమెను లేవదీసి పట్టుకున్నారు. గాజులు ఎంత చిన్నవి తెచ్చినా మణికట్టు దాటి జారిపోయాయి. వెనక దారం కట్టి నిలబెట్టారు. బొట్టు పెట్టుకుని అద్దం అడిగింది. చూసుకుని, "ఈ ముసల్దానికి పసిబిడ్డ మొగుడు" అంది. ఆ వారమంతా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. నేను మంచం పక్కనే కూర్చుని, చేప ముల్లు తీసి అన్నంలో కలిపి పెట్టాను. రెండు ముద్దలు తినేది. అమావాస్య దాటకుండానే పోయింది.

నిప్పు నేనే పెట్టాను. నేను బతికి ఉన్నవాణ్ణి, ఆమె మొగుణ్ణి, కాబట్టి పెట్టవచ్చునని కులపెద్ద చెప్పాడు. భుజం మీద నీళ్ళకుండ పెట్టారు, నల్లకుండ. దానికి చిల్లు పెడుతూ ఉంటే నీళ్ళు వీపు మీద కారుతుండగా చితి చుట్టూ తిరిగాను. తిరగడం అయ్యాక వెనక్కి వదిలెయ్యమన్నారు. వదిలాను. పగిలిన చప్పుడు పెద్దనేలలో విన్న చప్పుడే.

కుండ వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు. నా మెడ తిరగబోయింది. తమ్ముడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. పద్ధతి ప్రకారం వాడు ఇప్పుడు నాకు పెద్ద.

"పద తమ్ముడూ" అన్నాడు.

ఆ మాటకు వాడితో తగాదా పెట్టుకోవాలి. ఇంకా పెట్టుకోలేదు. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి దులపకుండా, వెనక్కి చూడకుండా, నీళ్ళ దాకా నడిచి కాళ్ళు కడుక్కున్నాను.